మొలకల అంగీకి నీళ్లెవ్వలు పోస్తరు?

ఒక ఫిబ్రవరిలో మా చిన్నమ్మను చూడటానికి ఆర్మూరు వెళ్లాను. ఆర్మూరు అంటే సరిగ్గా ఆర్మూరు కాదు, అక్కడ బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చే ఊరు. ఇంటికి తాళం ఉంది. పసుపు తవ్వే రోజుల్లో పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? ఎదురింటి ముసలాయన చెయ్యి చూపించిన దిక్కుకు నడుచుకుంటూ పోతే గట్టు మీద నుంచే కనబడింది. పది పన్నెండు మంది ఆడవాళ్లు పసుపు కుప్పల చుట్టూ గొంతుక్కూచుని ఉన్నారు. తల్లిదుంప నుంచి పిల్లకొమ్ములను విరిచి, మన్నూ వేళ్లూ దులిపి, దేనికది వేరు చేస్తున్నారు. మాటలు సాగుతూనే ఉన్నాయి, చేతులు ఆగడం లేదు.

సద్దులు విప్పినప్పుడు నా ఫోనులో ఒక వీడియో చూపించాను. ఆ రోజుల్లో నేను మళ్లీ మళ్లీ చూస్తున్న వీడియో అది. పారిస్‌లో జరిగిన మగవాళ్ల బట్టల ప్రదర్శన. నడిచి వస్తున్న కుర్రవాళ్ల కోటుల మీద, ప్యాంట్ల మీద, బూట్ల మీద పచ్చగా మొలకలు. కుట్టినవి కాదు, బట్టలోనే వేళ్లూనుకుని పెరిగినవి. చిన్నమ్మ తన చేతులు ఫోనుకు తగలకుండా వెనక్కి పెట్టుకుని, మెడ చాచి చూసింది.

"గడ్డి మొలిచిన అంగీలా? మంచిగున్నయి బిడ్డా. మల్ల వాటికి నీళ్లెవ్వలు పోస్తరు?"

పక్కనున్నామె అందుకుంది. "ఎండిపోతే ఏం జేస్తరు? పారేస్తరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ ప్రదర్శన మీద వచ్చిన సమీక్షలు మళ్లీ చదివితే, మనిషికీ ప్రకృతికీ ఉన్న బంధం గురించి పెద్ద పెద్ద మాటలు కనబడ్డాయి కానీ చిన్నమ్మ అడిగిన ప్రశ్న ఎక్కడా కనబడలేదు. ఆకునో, నారనో, మొలకనో కట్టుకున్న మనుషుల బొమ్మలను మన సాహిత్యంలోనూ పండుగల్లోనూ కూడా ఆ ప్రశ్నతో చూస్తే ఏం తేలుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ ప్రదర్శన సంగతి. 2022 జూన్‌లో లోయెవె అనే స్పెయిన్ ఫ్యాషన్ సంస్థ దాన్ని పెట్టింది. అప్పటి ఆ సంస్థ డిజైనర్ జొనాథన్ ఆండర్సన్. మొక్కల పని చేసినది పౌలా ఉలార్గి ఎస్కలోనా అనే స్పానిష్ యువ కళాకారిణి. చియా, క్యాట్‌వర్ట్ విత్తనాలను బట్టల్లో నాటి, పారిస్ బయట ప్లాస్టిక్ కప్పు వేసిన పందిళ్లలో ఇరవై రోజులు పెంచారు. అదే ప్రదర్శనలో కొన్ని కోటులకు తెరలు బిగించి వాటి మీద వీడియోలు నడిపించారు. ఒక కోటు మీద తెర, ఒక కోటు మీద గడ్డి. మన కాలంలో మనిషి ఒంటిని ఈ రెండూ చెరో వైపు లాగుతున్నాయని చెప్పడం వాళ్ల ఉద్దేశం కావచ్చు.

ఆ పని నాకు నచ్చింది. ఆ మాట దాచుకోను. చొక్కా కొన్నప్పుడు అది ఒకప్పుడు పత్తి చేనులో కాయగా పగిలిందని మనకు గుర్తుండదు. దుకాణంలో వేలాడే బట్ట పుట్టుకా చావూ లేని వస్తువులా కనిపిస్తుంది. మొలకల కోటు ఆ మరుపును చెరిపేస్తుంది. దాన్ని బీరువాలో పెట్టలేం. దానికి వెలుతురు కావాలి, తడి కావాలి. ఇన్నాళ్లూ బట్ట మనల్ని కాపాడుతుందనుకున్నాం, ఇప్పుడు మనమే బట్టను సాకాలి. చుట్టరికం అనే మాటకు ఇంతకంటే తేలికైన అర్థం ఏముంటుంది? మనం కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్లే మన చుట్టాలు.

సరిగ్గా ఇక్కడే ఆ ప్రదర్శన ఆగిపోయింది. ఇరవై రోజులు సాకిన చేతులు పందిట్లోనే ఉండిపోయాయి, కాసేపు నడిచిన దేహాలు వేదిక మీదికి వచ్చాయి. కట్టుకున్నవాళ్లు కనబడ్డారు, పెంచినవాళ్లు కనబడలేదు. 1990 నుంచి కలిసి పనిచేస్తున్న బ్రిటన్ కళాకారులు హెదర్ ఆక్రాయిడ్, డాన్ హార్వీలు కూడా కోటుల మీద గడ్డి పెంచారు. గడ్డి మొలవడం ఎంత ముఖ్యమో పసుపుబారి వాడిపోవడమూ వాళ్ల పనిలో అంతే ముఖ్యం. వాడటాన్ని దాచని పని నిజాయితీకి ఒక మెట్టు దగ్గర. "ఎండిపోతే ఏం జేస్తరు?" అన్న రెండో ప్రశ్నకైనా అందులో కొంత జవాబుంది.

చెట్టును కట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. రామాయణం విన్న ప్రతి ఇంట్లో నారచీరలు తెలుసు. అయోధ్య కాండలో కైక నారబట్టలు తెప్పించి ఇస్తుంది. రాముడూ లక్ష్మణుడూ కట్టుకుంటారు. సీతకు కట్టుకోవడం తెలియదు. ఒకటి మెడ మీద వేసుకుని, ఇంకొకటి చేత్తో పట్టుకుని, సిగ్గుతో నిలబడిపోతుంది. రాముడే వచ్చి ఆమె పట్టుచీర మీదనే నారచీర కడతాడు. అంతఃపుర స్త్రీలు ఏడుస్తారు, వసిష్ఠుడు కైకను తిడతాడు. ఈ ఘట్టంలో నారచీర గురించి అందరూ మాట్లాడతారు. ఇచ్చేది ఒకరు, కట్టేది ఒకరు, వద్దనేది ఒకరు. సీత అడవికి వస్తానని పట్టుబట్టి గెలిచిన మనిషే. కానీ ఏ బట్టతో వెళ్లాలన్నది ఆమె చేతిలో లేదు. అడవితో ఆమె చుట్టరికం ఇంకా మొదలుకాకముందే అడవి బట్ట ఆమె మీదికి శిక్షగా వచ్చింది.

శకుంతల కథ ఇంకా మెలికలు తిరిగినది. కాళిదాసు నాటకంలో ఆమె చెట్లకు నీళ్లు పోస్తూనే మనకు పరిచయమవుతుంది. చిన్నమ్మ ప్రశ్నకు జవాబుగా నిలబడగల నాయిక ఆమె. మొక్కలకు పోయకుండా తాను తాగదు, అలంకారం ఇష్టమైనా చిగురు తుంచదు, ఒక తీగను చెల్లెలంటుంది. ఒంటి మీద నారబట్ట. అది బిగుతుగా ఉందని ఆమె అంటుంటే, చెట్టు చాటు నుంచి దుష్యంతుడు చూస్తుంటాడు. చెట్టుతో పనిచేసుకుంటున్న స్త్రీ, చెట్టు వెనక దాక్కున్న మగవాడి చూపుకు అలంకారంగా మారిపోయిన క్షణం అది. నాలుగో అంకంలో అత్తవారింటికి వెళ్తుంటే చెట్లే ఆమెకు పట్టుబట్టలూ లత్తుకా నగలూ ఇస్తాయి. ఆమె పెంచిన జింకపిల్ల కొంగు పట్టుకుని లాగుతుంది. ప్రపంచ సాహిత్యంలో చెట్లు ఆడపిల్లకు సారె పెట్టిన ఘట్టాలు ఎన్ని ఉంటాయి?

ఆ సారెతోనే ఆమె రాజసభకు వెళ్తుంది. అక్కడ రాజును నమ్మించడానికి ఉంగరం కావాలి. ఆ సభలో చెట్ల సాక్ష్యం చెల్లదు. ఇన్నేళ్లు నీళ్లు పోసిన చుట్టరికమంతా ఒక్క ఉంగరం ముందు వీగిపోయింది. ఈ నాటకాన్ని ప్రకృతి ప్రేమకు నిదర్శనంగా మన పాఠ్యపుస్తకాల్లో చదివాం. స్త్రీకీ ప్రకృతికీ మధ్య ఎంత గాఢమైన బంధం ఉన్నా, ఆ బంధానికి విలువ కట్టే అధికారం ఇంకెక్కడో ఉంటుందని కూడా ఆ నాటకమే చెబుతోంది.

స్త్రీవాదులలో ఈ చర్చ పాతదే. స్త్రీలు స్వభావరీత్యా ప్రకృతికి దగ్గర అనే వాదాన్ని బీనా అగర్వాల్ 1992లో ఫెమినిస్ట్ స్టడీస్ పత్రికలో రాసిన వ్యాసంలో గట్టిగా ప్రశ్నించారు. వందనా శివ 1988 నాటి పుస్తకం స్టేయింగ్ అలైవ్ మీద కూడా అందులో విమర్శ ఉంది. ఏ స్త్రీ? ఏ కులం, ఏ వర్గం? భూమి ఎవరి పేరున ఉంది? పని ఎవరు చేస్తున్నారు? ప్రకృతితో బంధం వీటిని బట్టి రూపు కడుతుందని ఆమె వాదన. డోనా హారవే 2016 నాటి పుస్తకంలో మనుషులు కాని వాటితోనూ చుట్టరికాలు కలుపుకోమంటుంది. ఆ పిలుపు నాకు ఇష్టమే. కానీ చుట్టరికమంటే ఆప్యాయత ఒక్కటే కాదని మనకు తెలుసు. ఎవరు ఎవరింట్లో ఏ గుమ్మం దగ్గర ఆగాలో, ఎవరికి బొట్టు పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో చెప్పేది కూడా చుట్టరికమే.

ఆ మాటకు రుజువు పసుపు. పసుపు పండే చోటుకే మళ్లీ వెళ్దాం.

పసుపు మొక్కలోనే ఒక కుటుంబం ఉంది. నాటిన విత్తనం చుట్టూ తల్లిదుంప ఊరుతుంది, దాని పక్కల నుంచి పిల్లకొమ్ములు వస్తాయి. వానాకాలం మొదట్లో నాటితే ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. ఆకు పండి ఎండాక కోసేసి, తవ్వి, ఏరి, విరిచి, ఉడకబెట్టి, రోజుల తరబడి కళ్లంలో ఆరబోసి, డ్రమ్ముల్లో వేసి తిప్పి మెరుగు పెడతారు. కొమ్ముకు ఒక ధర, గోళకు ఒక ధర. ఇక్కడి పసుపు నిజామాబాద్ యార్డుకు పోతుంది, మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా మోసుకుపోయిన రైతులూ ఉన్నారు. పారిస్ కోటు మీద మొలకకు ఇరవై రోజులు పట్టింది. ఒక పసుపు కొమ్ము మన వంటింటికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అందులో ఏరడం, విరవడం చాలావరకు ఆడవాళ్ల పని. ఆ రోజుల్లో వాళ్ల చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉంటాయి. సబ్బుకు పోదు, చింతపండుకు పోదు.

పసుపు మనకు తిండి మాత్రమే కాదు, తొడుగు కూడా. పెళ్లికూతురికి చీర కంటే ముందు ఒంటికి పసుపు పూస్తారు. సున్నం కలిపితే ఎర్రబడి పాదాలకు పారాణి అవుతుంది. నూలుపోగుకు పట్టిస్తే, కొమ్ము కడితే, తాళి అవుతుంది. కొత్త బట్ట ఏది కొన్నా కట్టుకునే ముందు అంచుకు పసుపు అద్దడం మన ఇళ్లలో అలవాటు. ఆ చిన్న మరకను నేను ఎప్పటి నుంచో ఇష్టంగా చూసేదాన్ని. మిల్లులో పుట్టిన బట్టకు ఒక మొక్కతో చుట్టరికం కలిపే పద్ధతి అది అనుకునేదాన్ని.

మా చిన్నాన్న పోయిన మరుసటి ఉగాదికి అమ్మ ఇంటిల్లిపాదికీ బట్టలు కొంది. ఒక్కో మడత విప్పి, అంచుకు పసుపు అద్ది, ఎవరివి వాళ్లకు ఇచ్చింది. చిన్నమ్మ చీర దగ్గరికి వచ్చేసరికి పసుపు గిన్నె పక్కకు జరిపి, మడత విప్పకుండానే చేతికిచ్చింది. చిన్నమ్మ ఏమీ అనలేదు. అమ్మకు చెల్లెలంటే ప్రాణం. ఆ చీర ఎంచడానికి దుకాణంలో అందరికంటే ఎక్కువ సేపు కూర్చున్నది చిన్నమ్మ కోసమే. అయినా ఆ గిన్నె జరపడానికి ఆమె చెయ్యి ఒక్క క్షణం కూడా తడబడలేదు. పసుపు తవ్వకాలు అప్పుడే అయిపోయాయి. పసుపు అద్దని ఆ చీరను అందుకున్న చిన్నమ్మ చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఆ రెండు పసుపులకు తేడా ఏమిటని అప్పుడు నాకు అడగడం తెలియలేదు. ఒకే నేల, ఒకే దుంప. కూలి పనిలో అంటుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అంచుకు అద్దితే దోషం. నిజానికి ఇంట్లో మిగతా మాకెవ్వరికీ పసుపు మొక్కతో ఏ సంబంధమూ లేదు. నేలలో దాన్ని ముట్టుకున్న మనిషి చిన్నమ్మ ఒక్కతే. కానీ మొక్కతో స్త్రీకి ఉన్న చుట్టరికం మన సమాజంలో మొగుడి మీదుగా నడుస్తుంది. ఆయన పోతే మొక్క కూడా చుట్టం కాకుండా పోతుంది, పని మాత్రం మిగులుతుంది.

పొలానికి సంబంధించిన పోరాటంలోనూ ఈ చేతులు వెనకే ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూరు ప్రాంతంలో జాతీయ రహదారిని అడ్డగించారు. క్వింటాలు పసుపుకు 15,000 రూపాయలు ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని అడిగారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థుల్లో 170 మందికి పైగా రైతులే. దేశమంతా ఇటు చూసింది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆ పోరాటాన్ని నేను తక్కువ చేయను. కానీ అందులో వినిపించిన రెండు కోరికలూ అమ్మే మనిషివి. విరిచే మనిషి కూలి గురించి, గొంతుక్కూచుని కూచుని అరిగిన మోకాళ్ల గురించి ఒక కోరిక ఉండి ఉంటే అది రోడ్డు దాకా రాలేదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు లేని మనిషిని రైతు అని పిలవడం మన భాషకు ఇంకా అలవాటు కాలేదు.

నిజామాబాద్ జిల్లా గురించి రాస్తూ జోగినుల మాట ఎత్తకపోతే అన్యాయం అవుతుంది. బోనాల నాడు పోతరాజు ఒళ్లంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని, కొరడా ఝళిపిస్తూ వస్తాడు. మనకు బతికున్న ఆకుబట్ట అంటే అదే. ఆ పూట అతను అమ్మవార్లకు తమ్ముడు. పొద్దు గూకాక మండలు విప్పేస్తాడు, స్నానం చేస్తాడు, మామూలు మనిషి అవుతాడు. జోగినిగా మార్చిన దళిత బాలికకు కూడా పసుపు పూశారు, తాళి కట్టారు, ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చామన్నారు. ఆమెకూ దేవతతో చుట్టరికమే చెప్పారు. కానీ ఆమె దాన్ని విప్పుకునే పొద్దు రాలేదు. ఆ చుట్టరికం పేరు మీద ఊళ్లో పెద్దలు ఆమె దేహాన్ని వాడుకున్నారు. హేమలతా లవణం ఈ జిల్లాలోనే జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. దేవదాసీ, జోగినీ అంకితాలను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. వి. శాంతి ప్రబోధ నవల "జోగిని" ఈ నేల కథే. మనిషికీ దైవానికీ, మనిషికీ ప్రకృతికీ బంధం అనే మాట వినగానే పరవశించే ముందు ఆ నవల ఒకసారి చదవాలి. ఎవరైనా ఆకు కట్టుకుని కనబడితే నేను అడిగే ప్రశ్న ఇప్పుడు రెండు ముక్కలైంది. నీళ్లెవరు పోశారు? విప్పుకునే హక్కు కట్టుకున్న మనిషికి ఉందా?

బతుకమ్మ ఈ ప్రశ్నలకు ఎలా నిలబడుతుంది? నాకు తెలిసి మన ప్రాంతపు ఆడవాళ్లు చేసిన గొప్ప కళ అది. పువ్వులను దేవుడికి పెట్టడం కాదు, పువ్వులనే దేవతగా పేర్చడం. తంగేడు, గునుగు, బంతి, కట్ల, గుమ్మడి పువ్వు, పైన పసుపు ముద్దతో గౌరమ్మ. గునుగు సంగతి చూడండి. చేనులో అది కలుపు. ఆడవాళ్లు కూలికి పోయి దాన్ని పీకి గట్టు మీద పారేస్తారు. అదే గునుగు భాద్రపద అమావాస్య నాటికి తాంబాళంలోకి ఎక్కుతుంది. పంటకు పనికిరానిదని ఏ చేతులు పీకాయో ఆ చేతులే దాన్ని దేవతను చేస్తాయి. తొమ్మిదో రోజు చెరువులో కలిపేస్తారు. దాచుకోవడం లేదు, అమ్ముకోవడం లేదు. నీటి నుంచి వచ్చినది నీటికే పోతుంది. "ఎండిపోతే ఏం జేస్తరు?" అని పసుపు కుప్ప దగ్గర అడిగిన ఆమెకు ఈ జవాబు తెలిసే ఉంటుంది.

అయినా బతుకమ్మను కూడా కళ్లు మూసుకుని పొగడలేను. నీళ్లలో కలిపేముందు గౌరమ్మ పసుపు తీసి ముత్తైదువలు ఒకరికొకరు పెట్టుకునే వేళకు మా ఊళ్లో చిన్నమ్మలాంటివాళ్లు చెరువు గట్టున ఒక పక్కకు తప్పుకునేవాళ్లు. ఎవరూ తప్పుకోమనలేదు. అనవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు కొన్నిచోట్ల అందరికీ పెడుతున్నారని విన్నప్పుడు సంతోషంగా ఉంటుంది. ఆ పసుపు తీసి మొదట భర్త లేని కూలి మనిషికి పెట్టే రోజున ఆ పండుగ తన పేరుకు తగ్గదవుతుంది.

ప్రభుత్వం 2017 నుంచి 2023 వరకు బతుకమ్మ పేరుతో చీరలు పంచింది. మొదటి ఏడాది నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు ఆ చీరలను కాల్చి నిరసన తెలిపారు. సిరిసిల్ల మరమగ్గాలకు ఆ పథకం వల్ల పని దొరికిందన్నది నిజం, ఆ నేత కార్మికుల బతుకులు తెలిసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా తీసేయలేరు. కానీ విమర్శకురాలిగా నాకు ఒక విషయం తట్టకుండా ఉండదు. పువ్వుల పండుగ పేరు పెట్టుకున్న ఆ చీర పాలియెస్టర్. దాని పోగు ఏ చేనులోనూ పుట్టలేదు, ఏ చెరువులోనూ కలవదు. పారిస్‌లో బట్ట మీద మొలక నాటి దాన్ని ప్రకృతి అంటున్నప్పుడు, మనం ప్లాస్టిక్ పోగుకు పువ్వు పేరు పెట్టుకుంటున్నాం. రెండు చోట్లా బట్టకూ నేలకూ నడుమ తెగిన దారం ఒకటే.

చివరగా, మన సాహిత్యంలో నాకు ఈ విషయంలో ఆసరాగా నిలిచిన కథ ఓల్గా "సమాగమం". 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు పొందిన "విముక్త" సంపుటిలోది. రాముడు వదిలేశాక అడవిలో బతుకుతున్న సీత, తన పిల్లల మాటల ద్వారా ఒక తోట గురించి విని, ఆ తోట శూర్పణఖదని పోల్చుకుని చూడబోతుంది. ముక్కూ చెవులూ కోయించుకున్న మనిషి, అందం అనే మాట మీదే కసి పెంచుకున్న మనిషి, మట్టిలో చేతులు పెట్టి ఒక తోటను పెంచి తనను తాను తిరిగి తెచ్చుకుంది. ఈ కథను చాలామంది ఇద్దరు స్త్రీల స్నేహ కథగా చదివారు, అది నిజమే. నేను చదివినప్పుడు నాకు నారచీర గుర్తొచ్చింది. ఒకరు ఇతరులు కట్టబెట్టిన చెట్టు బట్టతో అడవికి వచ్చిన స్త్రీ. ఇంకొకరు అడవిలోనే పుట్టి, ఏ ఆకునూ అలంకారంగా ఒంటికి చుట్టుకోకుండా, మొక్కలకు నీళ్లు పోస్తూ కోలుకున్న స్త్రీ. శూర్పణఖకు తోటతో ఉన్న చుట్టరికం మగవాడి మీదుగా నడవదు. సీత ఆమె దగ్గర నేర్చుకోవలసింది అదే.

ఈ కథతోనూ నాకొక చిన్న పేచీ ఉంది. ఆ తోటలో పని ఉంది కానీ కూలి లేదు, నేల ఎవరిదన్న ప్రశ్న లేదు. అడవిలో కాబట్టి అది చెల్లింది. ఆర్మూరు చేనులో నీళ్లు పోసిన మనిషికి నేల మీద హక్కు లేదు. శూర్పణఖ పొందిన నిమ్మళం చిన్నమ్మకు దొరకాలంటే తోటపని ఒక్కటే చాలదు. కూలి కావాలి, పట్టా మీద పేరు కావాలి, చీర అంచు మీద పసుపు కూడా కావాలి. మొదటి రెండూ పెద్దవి, మూడోది చిన్నది అని నేనెప్పుడూ అనుకోలేదు. మూడింటినీ ఆపుతున్న చెయ్యి ఒకటే.

ఆ రోజు సాయంత్రం చిన్నమ్మతో పాటు ఇంటికి నడిచి వచ్చాను. నేను తీసుకెళ్లిన నూలు చీర బయటికి తీశాను. బయలుదేరే ముందు మా వంటింట్లో డబ్బాలోని పసుపు కాస్త తడిపి అంచుకు అద్దాను. అమ్మ ఆ పని చేయని ఇన్నేళ్లూ నేను కూడా చేయలేదు. ఉద్యోగం వచ్చాక నేనూ నాలుగైదు చీరలు పెట్టాను చిన్నమ్మకు, అన్నీ మడత విప్పకుండానే. స్త్రీవాద సభల్లో మాట్లాడుతూ కూడా.

చిన్నమ్మ అంచు కేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇన్నేండ్లకు యాదికొచ్చిందా బిడ్డా?" అంది.

కోపంగా అనలేదు. చీరను చేత్తో ముట్టుకోలేదు, పని చేతులని. "ఆ మంచం మీద వెట్టు" అని చెప్పి బోరింగు దగ్గరికి వెళ్లి చేతులు కడగడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి బోరింగు కొట్టాను. నీళ్లు పచ్చగా పారుతూనే ఉన్నాయి. ఆమె చీర గురించి ఇంకేమీ అనలేదు. దాన్ని కట్టుకుందో లేదో ఆ తర్వాత నేనూ అడగలేదు.